వీలునామా, వారసత్వం, ఆస్తి పంపకం: కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

బ్యాంకులో పనిచేసిన రోజుల్లో, ఇంట్లో మనిషి పోయాక క్లెయిమ్ కాగితాలు పట్టుకుని వచ్చే కుటుంబాలతో చాలా కాలం కూర్చున్నాను. రిటైరయ్యాక కూడా బంధువులు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అవే సందేహాలు అడుగుతున్నారు. అడిగేది దాదాపు ఎప్పుడూ మనిషి పోయిన తర్వాతే. ముందే అడిగి ఉంటే సగం ఇబ్బంది తప్పేది కదా అనిపిస్తుంది. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడున్నది మన దేశంలోని చట్టం, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలకు వర్తించేది. విడిగా చెప్పిన చోట తప్ప మిగతా జవాబులన్నీ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం. ఈ చట్టం సిక్కులకు, జైనులకు, బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. ఇప్పటికే తగాదా ఉంటే వకీలును కలవాల్సిందే. కలిసినప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

## మొదలుపెట్టే ముందు

మాకున్నది ఒక ఇల్లు, రెండెకరాల పొలం. ఇంత చిన్న ఆస్తికి కూడా వీలునామా కావాలా?

కావాలి. నా అనుభవంలో ఆస్తి చిన్నదైనప్పుడే వీలునామా అవసరం ఎక్కువ. పది ఆస్తులుంటే తలా ఒకటి తీసుకుని సర్దుకోవచ్చు. ఒక్క ఇల్లే ఉంటే నలుగురు వారసులూ సంతకం పెడితే తప్ప దాన్ని అమ్మలేరు, బాగుచేయించడానికి లోను కూడా తీసుకోలేరు. ఒకరు విదేశంలో ఉండి, ఇంకొకరు అలిగి కూర్చుంటే ఆ ఇల్లు ఏళ్ల తరబడి తాళంలోనే ఉంటుంది. ఇల్లు ఎవరికి, పొలం ఎవరికి, అమ్మ ఉన్నంతకాలం ఎక్కడ ఉండాలి అనే మూడు విషయాలు ఒక పేజీలో రాసిపెడితే చాలు, ఈ పరిస్థితి రాదు.

వీలునామా రాయకుండా పోతే ఆస్తి ఎవరికి వెళ్తుంది?

హిందూ పురుషుడు పోతే ముందు మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. అంటే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. కొడుకో కూతురో అంతకుముందే చనిపోయి ఉంటే వాళ్ల వాటా వాళ్ల పిల్లలకు వస్తుంది. కొడుకు చనిపోయి ఉంటే కోడలికి కూడా అందులో భాగం ఉంటుంది. భార్య, తల్లి, ఇద్దరు పిల్లలు ఉంటే నలుగురికీ సమానంగా తలా పావు వంతు.

రెండు విషయాలు చాలామందిని ఆశ్చర్యపరుస్తాయి. మొదటిది, భార్యకు మొత్తం రాదు, ఒక వాటానే వస్తుంది. రెండోది, తల్లి మొదటి తరగతి వారసురాలు కానీ తండ్రి కాడు, ఆయన రెండో తరగతిలో ఉంటాడు. కొడుకు సంపాదన మీదే బతికే తండ్రికి, ఆ కొడుకు హఠాత్తుగా పోతే, మొదటి తరగతి వారసుల్లో ఒక్కరున్నా చట్టప్రకారం వాటా రాదు. మీ నాన్న మీ మీద ఆధారపడి ఉంటే ఈ ఒక్క కారణం చాలు, ముప్పై ఏళ్ల వయసులో అయినా వీలునామా రాయడానికి.

తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు ఉంటుందంటారు. నిజమేనా?

కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. మన ఇళ్లలో ఇంతగా అపార్థమైన విషయం ఇంకొకటి లేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తాత తన డబ్బుతో కొన్నది ఆయన స్వార్జితం. ఆయన 1956 తర్వాత వీలునామా లేకుండా పోతే అది భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి ఉంటే ఆమెకు వాటాలుగా వస్తుంది. అలా మీ నాన్నకు వచ్చిన వాటా ఆయన సొంతం అవుతుంది. ఆయన బతికుండగా దాంట్లో మీకు పుట్టుకతో వచ్చే హక్కేమీ లేదు. 1986లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. "తాత నుంచి వచ్చింది కాబట్టి పిత్రార్జితమే, నాన్న నా సంతకం లేకుండా అమ్మలేడు" అనే వాదన ఇక్కడ నిలవదు.

తరతరాలుగా పంచుకోకుండా ఉమ్మడిగా వస్తున్న భూమి అయితే లెక్క వేరు. అందులో కొడుక్కీ కూతురికీ పుట్టుకతోనే వాటా ఉంటుంది. అలాంటి భూమి అన్నదమ్ముల మధ్య పంచుకున్నప్పుడు మీ నాన్న భాగానికి వచ్చినదాంట్లో కూడా ఆయన పిల్లలకు హక్కు ఉంటుంది.

కాబట్టి జవాబు కాగితాల్లో దొరుకుతుంది. ఆస్తి ఆ చేతికి ఎలా వచ్చిందో చూడాలి. కొనుగోలు దస్తావేజా, పంపకాల దస్తావేజా, వీలునామానా, లేక ఏ కాగితమూ లేకుండా పాసుపుస్తకంలో పేరు మారి వచ్చిందా? ముందు ఆ లింకు డాక్యుమెంట్లు తీయించండి. మాటల మీద వాదించుకుంటే ఎన్ని రోజులైనా తేలదు.

ఆడపిల్లకు అన్నీ ఇచ్చి పెళ్లి చేశాం. ఇంకా వాటా ఉంటుందా?

ఉంటుంది. పెళ్లికి పెట్టిన ఖర్చుకూ ఆస్తి వాటాకూ చట్టంలో ఏ సంబంధమూ లేదు. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే కొడుకుతో సమానంగా కూతురికీ వస్తుంది. ఇది 1956 నుంచీ ఉన్న నియమమే.

ఉమ్మడి ఆస్తిలో కూడా ఇప్పుడు సమానమే. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ హక్కు వచ్చింది. దేశమంతటికీ, పెళ్లయినవాళ్లతో సహా, 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకం పూర్తయి ఉంటే మాత్రం దాన్ని తిరగదోడలేరు.

"నాకేమీ వద్దు" అని తండ్రి బతికుండగా కూతురితో కాగితం రాయించుకుంటారు. తండ్రి స్వార్జితం విషయంలో ఆ కాగితం చెల్లదు, ఇంకా రాని హక్కును ఎవరూ వదులుకోలేరు కాబట్టి. తండ్రి పోయాక ఆమె నిజంగా ఇష్టపడి వదులుకుంటే రిజిస్టరు హక్కు విడుదల దస్తావేజు ఉండాలి. ఆ సంతకం కోసం ఆడపిల్లను బతిమాలి, బెదిరించి, పుట్టింటికి రాకపోకలు తెగుతాయని భయపెట్టడం నేను కళ్లారా చూశాను. దయచేసి అది చేయకండి.

నేను పెళ్లయిన స్త్రీని, ఉద్యోగం చేస్తున్నాను, పిల్లలు లేరు. నాకేమైనా అయితే నా సంపాదన మా అమ్మానాన్నలకే వెళ్తుంది కదా?

వీలునామా లేకపోతే వెళ్లదు. హిందూ స్త్రీ స్వార్జితం మొదట పిల్లలకు, భర్తకు వెళ్తుంది. వాళ్లు లేకపోతే భర్త తరఫు వారసులకు. ఆ తర్వాతే ఆమె తల్లిదండ్రులు. అంటే పిల్లల్లేని భార్యాభర్తలు ఇద్దరూ లేకపోతే, ఆమె జీతంతో కొన్న ఫ్లాటు ఆమెను పెంచి చదివించిన అమ్మానాన్నలకు కాకుండా భర్త వైపు బంధువులకు పోతుంది. అత్తింటివాళ్లు గెంటేస్తే పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసుకున్న ఒక మహిళ విషయంలో కూడా చట్టం ఇంతేనని 2009లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అమ్మానాన్నల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మాత్రం మినహాయింపు ఉంది. పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది.

సంపాదించే ప్రతి స్త్రీ వీలునామా రాయాలని నేను పట్టుబట్టి చెబుతాను. ఒక్క పేజీ, ఇద్దరు సాక్షులు చాలు.

అన్నింట్లో నామినీగా భార్య పేరు పెట్టాను. ఇంకా వీలునామా ఎందుకు?

నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, సొంతదారు కావాలని లేదు. బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేసి తన బాధ్యత తీర్చుకుంటుంది. ఆ తర్వాత ఆ డబ్బు మీద వారసులు తమ వాటా అడగవచ్చు. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాకు మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులలో ఎవరినైనా నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్లకే చెందుతుంది.

అలాగని నామినేషన్ మానేయకండి. నామినీ లేకపోతే క్లెయిమ్ నెలల తరబడి సాగుతుంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయవచ్చు. ఒక ముఖ్య విషయం: పెళ్లికి ముందు పీఎఫ్‌లో పెట్టిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. కొత్తది ఇచ్చారో లేదో ఈరోజే చూసుకోండి.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు కూడా ఇవే నియమాలా?

కాదు. ముస్లింలు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామాతో ఇవ్వగలరు. అంతకు మించితే వారసులు ఒప్పుకోవాలి. మిగతాది షరియత్ వాటాల ప్రకారం వెళ్తుంది. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు కొడుకులు, కూతుళ్లకు సమానంగా. క్రైస్తవులు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది.

ఈ మాట ఎత్తితే నాన్న "నా చావు కోసం చూస్తున్నారా" అంటారు. ఎలా మొదలుపెట్టాలి?

నాన్నను అడిగే ముందు మీది మీరు రాయండి. "నాన్నా, నేను వీలునామా రాసుకున్నాను, నాకేమైనా అయితే అమ్మా మీరూ ఇబ్బంది పడకూడదని. ఒకసారి చూడండి" అని ఆ కాగితం చేతిలో పెట్టండి. నలభై ఏళ్ల కొడుకు రాశాడంటే అది చావు గురించి కాదని ఆయనకు అర్థమవుతుంది. ఎవరికి ఎంత అనే మాట మొదటి రోజు ఎత్తకండి. ఏమేం ఉన్నాయి, కాగితాలు ఎక్కడున్నాయి అనే లిస్టు రాయడంతో మొదలుపెట్టండి. అక్కాచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ తెలియకుండా ఒక్కరే ఈ పని చేయవద్దు. ఆ తర్వాత మీరు ఎంత నిజాయితీగా ఉన్నా వాళ్లకు అనుమానం మిగిలిపోతుంది.

## వీలునామా రాసేటప్పుడు

స్టాంపు పేపరు మీదే రాయాలా? రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

రెండూ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద మీ చేతిరాతతో, మీకు వచ్చిన భాషలో రాసినా చెల్లుతుంది. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి.

అయినా రిజిస్టరు చేయించమనే చెబుతాను. సబ్ రిజిస్ట్రార్ ముందు మీరే వెళ్లి వేలిముద్ర, ఫొటో ఇస్తారు కాబట్టి తర్వాత "ఇది నాన్న సంతకం కాదు" అనడం కష్టం. కాగితం పోయినా కాపీ దొరుకుతుంది. మిగతా దస్తావేజుల్లా నాలుగు నెలల్లో రిజిస్టరు చేయాలనే గడువు వీలునామాకు లేదు. రిజిస్టరు చేసినంత మాత్రాన దానికి తిరుగుండదని అనుకోవద్దు. అనుమానాలుంటే కోర్టులో రుజువు చేయాల్సిందే.

సాక్షులుగా ఎవరిని పెట్టుకోవాలి?

మీకంటే వయసులో చిన్నవాళ్లను, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది వాళ్లే. మీ వయసు స్నేహితులిద్దరినీ పెడితే మీతో పాటే వాళ్లూ పోవచ్చు. ఇద్దరూ మీరు సంతకం పెట్టడం చూడాలి, మీ ముందు సంతకం చేయాలి. లోపల ఏముందో వాళ్లు చదవాల్సిన అవసరం లేదు. ఆస్తి పొందేవాళ్లను సాక్షిగా పెట్టవద్దు. క్రైస్తవుల విషయంలో అలా సాక్షి సంతకం పెట్టినవాళ్లకు రాసింది చెల్లకుండానే పోతుంది. హిందువులకు ఆ నిషేధం లేకపోయినా అనుమానానికి అదే మొదటి కారణం అవుతుంది.

వీలునామాలో ఏమేం రాయాలి?

మీ పేరు, వయసు, చిరునామా. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు అనే మాట. భార్య లేదా భర్త, పిల్లల పేర్లు, ఏమీ ఇవ్వనివాళ్ల పేర్లతో సహా. ప్రతి ఆస్తికీ సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, డాక్యుమెంట్ నంబరు. బంగారం, డిపాజిట్లు, షేర్లు ఎవరికో. ఎక్కువమంది మరిచిపోయేది చివరి వాక్యం: "ఇందులో రాయని, ఇకపై నేను సంపాదించే ఆస్తి ఏదైనా ఉంటే ఫలానావారికి చెందాలి." ఇది లేకపోతే మీరు తర్వాత కొన్నదంతా వీలునామా లేనట్టే పంచుకోవాల్సి వస్తుంది. దీన్ని అమలు చేసే మనిషిని, అంటే ఎగ్జిక్యూటర్‌ని కూడా రాయండి. ప్రతి పేజీలో సంతకం పెట్టండి.

భార్యకు "జీవితకాలం అనుభవించే హక్కు మాత్రమే, తర్వాత కొడుకుకు" అని రాసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. రాసేముందు ఒకసారి ఆలోచించండి. రేపు ఆమెకు పెద్ద జబ్బు చేస్తే, ఆ ఇల్లు అమ్మి వైద్యం చేయించుకునే వీలు ఆమెకు ఉండదు. నా అభిప్రాయం ఏమిటంటే, భార్యకు పూర్తి హక్కులతో ఇవ్వండి. ఇంత కాలం ఇల్లు నడిపిన మనిషికి ఆ ఇంటిని ఏం చేయాలో తెలుసు.

ఒక కొడుకుకు ఎక్కువ, ఇంకొకరికి తక్కువ రాయవచ్చా?

స్వార్జితమైతే మీ ఇష్టం. బయటివాళ్లకు కూడా రాయవచ్చు. ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీ వాటా వరకే. అయితే తక్కువ ఇస్తున్నప్పుడు కారణం ఒక వాక్యంలో రాయండి. "పెద్దవాడి చదువుకు, ఇంటికి ఇప్పటికే ఇంత ఖర్చు చేశాను, అందుకే ఈ ఇల్లు చిన్నవాడికి" అని. కోర్టుకు అది పనికొస్తుంది. అంతకన్నా ముఖ్యం, నాన్న నన్ను ప్రేమించలేదు అనే బాధ ఆ పిల్లవాడికి మిగలదు. తిట్లు, పాత గొడవలు మాత్రం అందులో రాయకండి. చదివేనాటికి సమాధానం చెప్పడానికి మీరు ఉండరు.

పిల్లలు చిన్నవాళ్లు. మా ఇద్దరికీ ఏదైనా జరిగితే?

వీలునామాలో సంరక్షకుల పేరు రాయవచ్చు. ఒకరు కాదంటే ఇంకొకరు అన్నట్టు రెండు పేర్లు రాయండి, రాసేముందు వాళ్లను అడగండి. తండ్రి ఎవరిని రాసినా తల్లి బతికుంటే సంరక్షణ ఆమెదే. మైనరు పేరుతో ఉన్న స్థలం, ఇల్లు సహజ సంరక్షకులైన తల్లిదండ్రులు కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేరు. భర్త బీమా పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేర తీసుకుంటే ఆ డబ్బును అప్పులవాళ్లు తాకలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.

మా అమ్మాయికి ఆటిజం ఉంది. మా తర్వాత ఎలా?

ఈ ప్రశ్న అడిగే అమ్మానాన్నల గొంతు నాకు తెలుసు. నేరుగా ఆమె పేరున ఆస్తి రాస్తే ఆమె దాన్ని చూసుకోలేకపోవచ్చు. తోబుట్టువు పేరున రాసి "చెల్లిని చూసుకో" అంటే అది నమ్మకం మీదే నడుస్తుంది. మధ్యదారి ప్రైవేటు ట్రస్టు. ఆస్తిని ఇద్దరు ముగ్గురు ట్రస్టీల చేతిలో పెట్టి, దాని రాబడి ఆమె వైద్యానికి, తిండికి, వసతికి మాత్రమే ఖర్చు చేయాలని రాస్తారు. దీనికి మంచి వకీలు కావాలి, ఈ ఖర్చుకు వెనకాడవద్దు. 18 ఏళ్లు నిండాక మీరు సహజ సంరక్షకులుగా ఉండరు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకులను నియమిస్తుంది. ఆమె రోజు ఎలా గడుస్తుందో, ఏ మందు ఎప్పుడో, దేనికి భయపడుతుందో, దేనికి నవ్వుతుందో కూడా ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత చూసుకునేవాళ్లకు అన్నిటికన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

నాన్నకు 82 ఏళ్లు, మతిమరుపు మొదలైంది. ఇప్పుడు రాయించవచ్చా?

ఏం రాస్తున్నారో ఆయనకు అర్థమైతే రాయవచ్చు. మతిమరుపు ఉన్నంత మాత్రాన హక్కు పోదు. తనకు ఏముంది, తనవాళ్లెవరు, ఎవరికి ఇస్తున్నాను అనేవి తెలిసి ఉండాలి. అదే రోజు డాక్టరు చూసి మానసికంగా బాగున్నారని సర్టిఫికెట్ ఇవ్వాలి. వీలైతే ఆ డాక్టరే ఒక సాక్షిగా ఉండాలి. వీడియో తీయండి. లాభం పొందే పిల్లలు ఆ గదిలో ఉండవద్దు. ఆయనకు అర్థం కాని స్థితి వచ్చేసి ఉంటే మాత్రం చేయి పట్టి వేలిముద్ర వేయించకండి. అది నిలవదు, నిలవకూడదు కూడా.

## బతికుండగానే ఇవ్వాలనుకుంటే

వీలునామా మంచిదా, గిఫ్ట్ డీడ్ మంచిదా?

వీలునామా మీరు పోయాక అమలవుతుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, స్టాంపు డ్యూటీ లేదు. గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేసిన రోజే ఆస్తి చేయి దాటుతుంది, స్టాంపు డ్యూటీ కట్టాలి, మామూలుగా వెనక్కి తీసుకోలేరు. పిల్లల మధ్య తర్వాత తగాదా వస్తుందని గట్టి భయం ఉంటే గిఫ్ట్ డీడ్‌కు అర్థం ఉంది. కానీ మీరు ఉంటున్న ఇల్లు, మీరు తింటున్న పొలం మాత్రం మీ పేరునే ఉంచుకోండి.

ఇల్లు కొడుకు పేర రాసిచ్చాం. ఇప్పుడు పట్టించుకోవడం లేదు. వెనక్కి తీసుకోవచ్చా?

దారి ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కనీస అవసరాలు చూసుకోవాలనే షరతుతో ఇచ్చిన ఆస్తిని, అలా చూడనప్పుడు రద్దు చేయమని అడగవచ్చు. 60 ఏళ్లు నిండినవాళ్లు ఆర్డీవో దగ్గరున్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. దస్తావేజులో ఆ షరతు రాసి ఉంటే కేసు బలంగా ఉంటుంది. లేకపోతే రుజువు చేయడం కష్టమవుతుంది. ఇంకా రాసివ్వనివాళ్లు ఆ ఒక్క వాక్యం కోసం పట్టుబట్టండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

అమ్మ నా పేర జీపీఏ ఇచ్చింది. అమ్మ పోయాక దాంతో ఇల్లు అమ్మవచ్చా?

కుదరదు. పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినవాళ్లు చనిపోగానే దాని పని అయిపోతుంది. మతిస్థిమితం పోయినా అంతే. జీపీఏతో వారసత్వం రాదు.

అన్నదమ్ములం పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నాం. ఇరవై ఏళ్లుగా గొడవ లేదు. సరిపోతుందా?

మీ తరానికి సరిపోవచ్చు. మీ పిల్లలు అమ్మబోయినప్పుడో, లోనుకు వెళ్లినప్పుడో కాగితం అడుగుతారు. అప్పటికి ఒక అన్న పోయి ఉంటే ఆయన పిల్లలందరి సంతకాలూ కావాలి. ఆ పంపకంలో అక్కాచెల్లెళ్లు లేకపోతే వాళ్ల హక్కు కూడా అలాగే నిలిచి ఉంటుంది. అందరూ బాగున్నప్పుడే, ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టి, సర్వే చేయించి, భాగపంపకాల దస్తావేజు రిజిస్టరు చేసుకోండి.

## రాసి పెట్టుకున్నాక

వీలునామా ఎక్కడ దాచాలి?

బ్యాంకు లాకరులో ఒక్కటే కాపీ పెట్టవద్దు. మీరు పోయాక లాకరు తెరవాలంటేనే కాగితాలు అడుగుతారు, ఆ కాగితం లాకరులో ఉంటుంది. ఈ చిక్కులో పడినవాళ్లను చాలామందిని చూశాను. అసలు ఇంట్లో బీరువాలో, ఒక నకలు ఎగ్జిక్యూటర్ దగ్గర ఉంచి, ఎక్కడుందో ఇద్దరికైనా చెప్పండి. ఎవరూ ముందే చదవకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే ఏర్పాటు ఉంది.

రాసిన తర్వాత మనసు మారితే?

కొత్తది రాయండి. చివరిగా రాసిందే చెల్లుతుంది. పాతది రిజిస్టరు చేసింది, కొత్తది చేయనిది అయినా సరే. పాతదాని మీద కొట్టివేతలు, దిద్దుబాట్లు చేయకండి. పెళ్లి, పుట్టుక, మరణం, విడాకులు, ఇల్లు కొనడం, ఇందులో ఏది జరిగినా ఒకసారి తీసి చదువుకోండి.

ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో ఉన్నవాటి సంగతేంటి?

ఇప్పుడు మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, బీమా అన్నీ ఫోన్‌లోనే ఉంటున్నాయి. మనిషి పోతే అవి ఉన్నాయనే ఇంట్లో తెలియడం లేదు. ఏ కంపెనీలో ఏముందో ఖాతా నంబర్లతో ఒక కాగితం మీద రాయండి. పాస్‌వర్డులు వీలునామాలో రాయవద్దు, అది పదిమంది చేతుల్లోకి వెళ్తుంది. మీ తర్వాత మీ ఖాతాను ఎవరు చూడవచ్చో ముందే చెప్పిపెట్టడానికి గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అనే సదుపాయాలు ఉన్నాయి. పిల్లల ఫొటోలు పోకుండా ఉండటానికైనా పెట్టుకోండి.

నన్ను వెంటిలేటర్ మీద ఉంచవద్దని ముందే రాసిపెట్టవచ్చా?

రాయవచ్చు. 2018లో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తీసుకుంటే చాలు. మీ తరఫున నిర్ణయం చెప్పేవాళ్ల పేర్లు కూడా రాయండి. ఐసీయూ బయట పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఏం చెప్పాలో తెలియక నలిగిపోయే స్థితి వాళ్లకు రాకుండా చేయగలిగింది మీరే.

## మనిషి పోయిన తర్వాత

మొదటి నెలలో ఏమేం చేయాలి?

21 రోజుల్లోపు మరణం నమోదు చేయించి, సర్టిఫికెట్ కాపీలు పదైనా తీసుకోండి. పేరు స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే చూడండి. తర్వాత దిద్దించడం పెద్ద పని. బ్యాంకుకు తెలియజేయండి. దినకర్మల ఖర్చుకని పోయినవాళ్ల ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. మిగతా వారసులకు వాటా ఉన్న డబ్బు అది. పింఛను పడుతుంటే ఆపించాలి, మరణం తర్వాత పడింది తిరిగి కట్టాలి. ఈ నెలలో ఏ కాగితం మీదా, ఎవరు ఎంత దగ్గరివాళ్లయినా, చదవకుండా సంతకం పెట్టకండి. ముఖ్యంగా అమ్మ చేత పెట్టించకండి.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సక్సెషన్ సర్టిఫికెట్ ఒకటేనా?

కాదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తహసీల్దారు ఇస్తారు, కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది. సక్సెషన్ సర్టిఫికెట్ కోర్టు ఇస్తుంది, డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల వంటివాటికి మాత్రమే. ఇంటికీ పొలానికీ అది పనికిరాదు. వాటి మీద తగాదా ఉంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. నామినీ ఉండి, కాగితాలన్నీ సరిగ్గా ఇస్తే బ్యాంకు 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కౌంటర్‌లో తిప్పుతుంటే రాతపూర్వకంగా అడగండి.

పొలం పాసుపుస్తకం మా పేర ఎలా మారుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ లేదా గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో భూభారతి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల వివరాలు, వీలునామా ఉంటే అది, లేకపోతే వారసులందరి అంగీకారం కావాలి. రికార్డులో పేరు మారినంత మాత్రాన మిగతా వారసుల హక్కు పోదు. పాసుపుస్తకం ఒక్క కొడుకు పేర మారి ఇరవై ఏళ్లయినా అక్క వచ్చి వాటా అడగవచ్చు.

నాన్న చేసిన అప్పులు మేం కట్టాలా?

ఆయన నుంచి మీకు వచ్చిన ఆస్తి విలువ వరకే. మీ జీతం, మీ సొంత ఇల్లు వాళ్లు తాకలేరు. మీరు హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం అది మీ బాధ్యత. రికవరీవాళ్లు ఫోన్ చేసి బెదిరిస్తే భయపడి కొత్త కాగితం మీద సంతకం పెట్టకండి. ముందు లోనుకు బీమా ఉందేమో చూడండి, ఇంటి లోన్లకు చాలాసార్లు ఉంటుంది.

వారసత్వంగా వచ్చిన ఆస్తికి పన్ను ఉందా?

లేదు. ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు. వచ్చిన ఆస్తి మీద తర్వాత వచ్చే అద్దెకు, వడ్డీకి పన్ను ఉంటుంది. అమ్మితే వచ్చిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉంటుంది. దాని లెక్కకు నాన్న కొన్న ధర, ఆయన కొన్న తేదీ తీసుకుంటారు. అందుకే ఆ పాత దస్తావేజు, కట్టించినప్పటి బిల్లులు పారేయకండి.

నేను విదేశంలో ఉన్నాను. పొలంలో నా వాటా తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదు కానీ వారసత్వంగా పొందవచ్చు. ప్రతిసారీ రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించండి. దాంట్లో ఏ పనికో ఆ పనికి మాత్రమే అధికారం ఇవ్వండి.

నాన్నకు పాత డిపాజిట్లు ఉండేవని అమ్మ అంటోంది. రసీదులు లేవు. ఎలా వెతకాలి?

పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తాయి, కానీ వారసుల హక్కు పోదు, ఎప్పుడైనా అడగవచ్చు. 2023లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీతో చాలా బ్యాంకుల్లో ఒకేసారి వెతకవచ్చు. పేరు రకరకాల స్పెల్లింగులతో, ఇంటిపేరు ముందూ వెనకా పెట్టి చూడండి. ఏడేళ్లు డివిడెండ్ తీసుకోని షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్తాయి, అక్కడా అర్జీ పెట్టుకోవచ్చు. బీరువాలో పాత డైరీలు, పెళ్లి పత్రికల కవర్లు, దేవుడి గదిలో పటాల వెనక కూడా చూడమనండి. ఆ తరంవాళ్లు కాగితాలను అక్కడ పెట్టేవాళ్లు.